అన్నయ్య మీద అర్జీ

మా ఆయన పోయిన మరుసటి ఏడు రాయగడ కోర్టులో లోక్ అదాలత్‌కి అర్జీ పెట్టుకున్నాను. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. ఇద్దరూ ఒప్పుకుంటే ఒక్క పూటలో తేలిపోతుంది, ఆ తరువాత అప్పీలు ఉండదు. అరవై వేల బాకీ. గుణుపురంలో ఇంటికి స్లాబు వేయించుకోవడానికని మా ఆయన దగ్గర తీసుకున్నాడు. తీసుకున్నవాడు పరాయివాడైతే ఇంత ఆలోచించేదాన్నే కాదు. నేను అన్నయ్యా అని పిలిచే మనిషి.

నాకు తోడబుట్టినవాళ్లు లేరు. ఈ అన్నయ్యా మా ఆయనా రైల్వేలో కలిసి పనిచేశారు, ఇద్దరిదీ బొబ్బిలి వైపే. మాలో భర్త పోయిన ఆడదానికి పదో రోజున పుట్టింటివాళ్లు కొత్త చీర పెట్టాలి. దీనికెవరు పెడతారని అమ్మలక్కలు గుసగుసలాడుతుంటే ఆయన చీర పట్టుకొచ్చి, "ఎవరూ లేరంతారేటి? నేను లేనా?" అన్నాడు. ఆ రోజు నేనేడ్చిన ఏడుపు పోయిన మనిషి కోసమో, ఆ మాట కోసమో నాకే తెలియదు.

తరువాత బాకీ అడిగితే వచ్చే నెల అన్నాడు. ఆయన వచ్చే నెల ఎప్పటికీ రాలేదు. చివరికి ఫోన్ ఎత్తడమే మానేశాడు. కాగితం ముక్క లేదు. మన మధ్య ప్రామిసరీ నోటేమిటని మా ఆయన బడాయి! ఆ బడాయికి నేను కోర్టు మెట్లెక్కాను. డబ్బు కావాలి, అబద్ధమెందుకు? కానీ అంతకంటే, అన్నయ్య నలుగురిలో బాకీ లేదనకూడదు. లేదంటే నాకు ఆ ఒక్క అన్నయ్యా లేనట్టే. దారంతా అదే మొక్కుకుంటూ వెళ్లాను.

బల్ల వెనక ఒక రిటైర్డ్ జడ్జిగారు, పక్కన ఒక వకీలమ్మ. జడ్జిగారు ఒడియాలో అడిగారు, డబ్బు తీసుకున్నావా అని.

"తీసుకున్నాను సార్" అన్నాడు.

హమ్మయ్య అనుకున్నాను. ఆ హమ్మయ్య పూర్తికాకుండానే, అందులోంచి మా ఆయన దినాలకి తను పెట్టిన ఖర్చులు పోవాలన్నాడు. కట్టెలు, పంతులుగారి దక్షిణ, టెంటు, పదో రోజు భోజనాలు. అన్నీ నోటితోనే చెప్పాడు. ఎక్కడా తడుముకోలేదు.

"ఆ పైన చీర. పన్నెండు వందలు."

ఆ రకం చీర బజారులో తొమ్మిది వందలకే ఇస్తారు, పాపం మోసపోయాడు అనుకున్నాను. అప్పుడు నా బుర్రకు తోచింది అదీ, చూడండి.

చీరేమిటో జడ్జిగారికి అర్థం కాలేదు. మా ఆచారం వకీలమ్మ చెప్పింది. ఆయన అద్దాలు సర్దుకుని, "అయితే నువ్వు ఈమెకు ఏమవుతావు?" అని అడిగారు.

"ఏమీ కాను సార్. మా స్టాఫ్ భార్య."

కాలు తిమ్మిరెక్కితే గిల్లినా తెలియదే, అలా అయిపోయాను. వకీలమ్మ నావైపు వంగి, "ఒప్పుకుంటారా అమ్మా? కాదంటే మామూలు కోర్టుకెళ్లొచ్చు" అంది.

"ఒప్పుకుంటాను."

"చీర కూడానా?"

"చీర కూడా."

సంతకాలయ్యాయి. మిగిలిన డబ్బు అక్కడే చేతికిచ్చాడు. నేను లెక్కపెట్టకుండా సంచిలో పెట్టుకున్నాను. కోపం రాలేదు. వస్తుందేమోనని కాసేపు బెంచీమీద కూర్చుని చూశాను కూడా.

బయటికొచ్చేసరికి ఆయన గేటు దగ్గర ఆటో ఆపి ఉంచాడు. ఎప్పటి గొంతుతోనే, "ఎండలో ఎలాగెళ్తావు సెల్లెమ్మా, ఎక్కు. డబ్బులు నేనిచ్చీసేను" అన్నాడు.

"ఎంతిచ్చారండీ?" అన్నాను. ఆయన్ని అండీ అనడం అదే మొదలు.

"ఏబై రూపాయలకి ఏటమ్మా..."

సంచిలోంచి యాభై తీసి చెయ్యి చాపాను. వద్దంటాడని అలాగే నిలబడ్డాను. డ్రైవరు హారన్ కొట్టాడు.

తీసుకున్నాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.