కిరుండా మామయ్య లెన్సు యంత్రం కొన్న వైనం

జింజా పట్నంలో కళ్లజోళ్లకు లెన్సులు తయారుచేసే కిరుండా, పాత వస్తువేదైనా కొనాలంటే ముందు దాన్ని వాడిన మనిషిని కలిసి తీరాలి. వస్తువు ఎంత బాగున్నా, ధర ఎంత తక్కువైనా, ఆ మనిషి ఎదుట నిలబడి "ఎందుకు వదిలేశావు?" అని అడిగి జవాబు వింటే తప్ప ఆయన చెయ్యి జేబులోకి వెళ్లదు.

ఈ అలవాటుతో అందరికంటే ఎక్కువ వేగింది ఆయన మేనకోడలు ముతేసి. పదకొండేళ్లుగా ఆయన దగ్గరే లెన్సులు కోస్తోంది. మామయ్యతో బజారుకు వెళ్లాలంటే ఆమెకు ముందురోజే తలనొప్పి మొదలయ్యేది.

ఒకసారి పాత బట్టల అంగట్లో ఆయనకొక వానకోటు నచ్చింది. లోపలి పట్టీ మీద ఎవరిదో నార్వే చిరునామా ఉంది. కోటు అక్కడే వదిలేసి, చిరునామా రాసుకొచ్చి ఉత్తరం రాశాడు. నాలుగు నెలలకు జవాబొచ్చింది: "లావెక్కాను." కిరుండా తృప్తిగా తలాడించి, "కోటులో లోపం లేదన్నమాట" అంటూ అంగడికి వెళ్లాడు. కోటు ఎప్పుడో అమ్ముడైపోయింది. వానలు కూడా అయిపోయాయి.

మోటారు సైకిలు కథ ఇంకా పెద్దది. అమ్మేవాడు "మా ఆవిడ వద్దంటోంది" అన్నాడు. కిరుండా ఆవిడ దగ్గరికి వెళ్లాడు. ఆవిడ "మా అమ్మకు భయం" అంది. ఆ అమ్మను వెతుక్కుంటూ కలిరో అనే ఊరి దాకా వెళ్లాడు. ముసలావిడ ఈయన్ని ఎగాదిగా చూసి, "నాకెందుకు భయం? నన్నొకసారి ఎక్కించుకుని తిప్పు, చూస్తాను" అంది. తిప్పాడు. అప్పుడు కొన్నాడు.

ఇలాంటి మనిషికి ఒకనాడు లెన్సు జనరేటర్ కొనాల్సిన అవసరం వచ్చిపడింది. లెన్సు వెనకవైపున పవర్‌కు తగ్గ వంపు కోసేది ఆ యంత్రమే. అది ఆగితే దుకాణం మొత్తం ఆగినట్టే. పాతది ఒక సోమవారం పెద్దగా మూలిగి ఆగిపోయింది. అప్పటికి బడిపిల్లల కళ్లజోళ్లు మూడు వందలు చేయాల్సి ఉంది. పరీక్షలు ఇరవై రోజుల్లో ఉన్నాయి. ఆలస్యమైతే పని కంపాలా వాళ్లకు పోతుంది, పిల్లలు బల్ల మీద ముక్కు ఆనించి పరీక్ష రాస్తారు. కొత్త యంత్రం కొనే తాహతు లేదు.

కంపాలాలో ఒక వర్తకుడు చూపించిన యంత్రం ధగధగలాడుతోంది. కొత్త రంగు, కంప్యూటరు తెర.

"దీని మీద పనిచేసింది ఎవరు?" అన్నాడు కిరుండా.

"బయటి దేశం నిపుణులు సార్."

"పేరు?"

"చాలామంది సార్."

"ఒక్క పేరు చెప్పు, చాలు."

వర్తకుడు పేరు కోసం గోడ వంక, పైకప్పు వంక చూశాడు. కిరుండా టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు.

"మామయ్యా, మనం కొనేది యంత్రాన్ని. పెళ్లికొడుకుని కాదు" అంది ముతేసి.

"పెళ్లికొడుకైతే నచ్చకపోతే తిట్టుకోవచ్చు. ఈ తెర చెడిపోతే నువ్వు బాగుచేస్తావా?"

ఆ మాట ఆమెకు మరీ కోపం తెప్పించింది.

రెండో యంత్రం ఎంబాలే అనే ఊళ్లో ఉంది. కళ్లజోళ్ల దుకాణం యజమానురాలు నంబోజో లెన్సులు కోసే విభాగం మూసేస్తోంది. యంత్రం పాతదే, తెర లేదు, అన్నీ చేత్తో తిప్పే డయళ్లు. కిరుండా కోత చక్రాన్ని వేలితో అటూ ఇటూ కదిపి చూశాడు. ఇసుమంతైనా ఊగలేదు.

"ముందే చెప్తున్నాను. ఏడాదిగా లెన్సులు పాడుచేస్తోంది. తుక్కు ధరకు తీసుకెళ్లండి" అంది నంబోజో.

"ఎవరు నడిపేవారు?"

"మఫాబీ. ముప్పై ఏళ్లు నడిపాడు. మోకాళ్ల నొప్పులని మానేశాడు. కొండ మీద ఇల్లు."

ముతేసి కళ్లు మూసుకుంది. మామయ్య అప్పటికే చెప్పుల పట్టీలు బిగించుకుంటున్నాడు.

ఆ కొండ ఎక్కడానికి ఒక పూట పట్టింది. మఫాబీ ఎదురొచ్చి వాళ్లకంటే వేగంగా మెట్లెక్కి ఇంట్లోకి తీసుకెళ్లాడు. ఆయన భార్య వెదురు మొలకల కూర, అరటికాయ ముద్ద పెట్టింది. తరువాత టీ వచ్చింది. మఫాబీ చక్కెర తీసి కప్పు పక్కన బల్ల మీద పోసి, చెంచాతో కప్పులో శ్రద్ధగా కలిపాడు.

కిరుండా ఆ చక్కెర వంక చూశాడు. "ఎందుకు వదిలేశావన్నా?" అన్నాడు.

"మోకాళ్లు."

"లెన్సులు మోకాళ్లతో కోస్తారా పెదనాన్నా?" అంది ముతేసి, ఆపుకోలేక.

మఫాబీ చెంచా కింద పెట్టాడు. "డయల్ మీద అంకెలు కనబడటం మానేశాయి. అందాజుగా తిప్పేవాణ్ణి. యంత్రం దోషం ఏమీ లేదు" అన్నాడు చివరికి. "కళ్లజోళ్లు చేసేవాడికి కళ్లు కనబడవని ఎలా చెప్పుకోను? నంబోజోకు చెప్పకండి."

మర్నాడు ముతేసి నంబోజో ఎదుటే లెన్సు కోసి చూసింది. వంపు వెంట్రుకవాసి తేడా లేకుండా వచ్చింది. కిరుండా మంచి యంత్రానికి ఎంత ఇవ్వాలో అంతా ఇచ్చాడు.

నంబోజో తెల్లబోయింది. "తుక్కని చెప్పాను కదా?"

"ఒక బోల్టు వదులైంది. బిగించాను."

"మఫాబీ చూడలేదా?"

"అది ఎవరికీ కనబడని చోట ఉంది."

యంత్రంతో పాటు మఫాబీ కూడా జింజా వచ్చాడు, ముతేసికి పని నేర్పడానికని. లారీలో మఫాబీ కునుకు తీస్తుంటే ముతేసి గొణిగింది: "ఆయన నాకు నేర్పేదేముంది మామయ్యా?"

"ఎందుకు అమ్ముతున్నారో తెలిసింది కదా. ఆయన కళ్లకు శుక్లాలు పట్టినట్టున్నాయి. బాగుచేయగలిగిన కారణమైతే బాగుచేయించాలి" అన్నాడు కిరుండా, కోటు గుండీల గురించి మాట్లాడినట్టు. "వస్తువునెవరైనా చూస్తారు. అమ్ముకున్నవాడి సంగతి ఎవరడుగుతారు?"

ముతేసి అద్దంలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఇన్నేళ్లలో ఎన్ని తలనొప్పులు వృథా చేసుకుందో లెక్కేసుకుంటున్నట్టుంది.

పిల్లల కళ్లజోళ్లు పరీక్షలకు రెండు రోజుల ముందు చేరాయి. ఈలోగా కంటి ఆసుపత్రిలో మఫాబీ కళ్లలో పొర తీసేశారు. కట్టు విప్పిన మర్నాడు ఆయన దుకాణానికొచ్చి, మూలనున్న అట్టపెట్టెలోంచి ఒక లెన్సు తీసి వెలుతురుకు పెట్టి చూశాడు. ఎంబాలే నుంచి యంత్రంతో పాటు వచ్చిన పాత సరుకది.

"ఇంత దరిద్రంగా కోసిందెవరు?"

ముతేసి కిరుండా వంక చూసింది. కిరుండా పైకప్పు వంక చూశాడు.

మఫాబీ లెన్సును మరొకసారి తిప్పి చూసి, మెల్లగా దాన్ని జేబులో వేసుకున్నాడు.

"ఎవడో గాని, వాడికి ఏడాది పాటు జీతమిచ్చిన తల్లి మాత్రం చల్లగా ఉండాలి" అని, చొక్కా చేతులు మడుచుకుని యంత్రం ముందు కూర్చున్నాడు.