జాజ్ పండుగల ఇరుక్కున్న ఏండ్లు

నన్ను కరీంనగర్ కళాభవన్‌కు పంపినప్పుడు మూడు నెలలే అన్నరు. అప్పుడు నేను లక్సెట్టిపేట దగ్గర ఒక సర్కారు బడిల తెలుగు టీచర్ని. బడి పిల్లలతోని నాటకాలు వేయిస్తనని నాకు జర పేరుండె. కళాభవన్ చూసుకునే మనిషి లేడని, కొత్త మనిషి దొరికేదాక అని డెప్యుటేషన్ మీద పిలిచిండ్రు. మా బిడ్డ అప్పుడు ఆరో తరగతి. దసరా సెలవుల వరకు వచ్చేస్తనని దానికి చెప్పి, రెండు చేతిసంచులతోని బస్సెక్కిన.

రెండో నెలల ఒక పెద్దమనిషి నా దగ్గరికి వచ్చిండు. గోదావరిఖనిల బొగ్గుబాయి పని చేసి రిటైరయి, కరీంనగర్‌ల కొడుకు దగ్గర ఉంటున్నడు. చేతిల నల్ల పెట్టె, అందుల సాక్సఫోన్. అపార్ట్‌మెంటుల వాయిస్తే పక్కింటోళ్ళు లొల్లి పెడుతున్నరట.

"పొద్దుగాల హాలు ఖాళీగనే ఉంటది గద మేడం. ఒక్క గంట వాయించుకుంట. లైటు గూడ వద్దు," అన్నడు.

సరేనన్న. నేను ఆఫీసుల కాగితాలు సర్దుకుంట వినేదాన్ని. పెండ్లి బ్యాండుల వినే పాటనే మొదలయ్యేది. జరసేపటికి దారి తప్పినట్టు ఎటో పోయేది. మల్ల ఎట్లనో తిరిగి అదే పాటకు వచ్చేది. ఒకరోజు అడిగిన, గిదేం వాయించుడని.

"జాజ్ అంటరు మేడం. మా కాలనీ క్లబ్బుల ఒక ఇంజనీరు సారు టేపులు పెట్టేటోడు. వినుకుంట వినుకుంట పట్టుకున్న. రాసిపెట్టింది వాయించుడు కాదు, అప్పటికప్పుడు తోచింది కలుపుకుంట పోవుడు."

గాయన కోసమే ఒక్క సాయంత్రం కార్యక్రమం పెడుదామనుకున్న. హైదరాబాద్ నుంచి ముగ్గురు వాయిద్యగాళ్ళను పిలిపించిన. ముందటి రెండు వరుసలే నిండినయ్, అందుల సగం మంది కళాభవన్ కమిటీ వాళ్ళ చుట్టాలు. ఒకాయన నా దగ్గరికి వచ్చి మెల్లగ అడిగిండు, "అసలు పాట ఎప్పుడు మొదలైతది?"

కమిటీ అధ్యక్షుడికి మాత్రం నచ్చింది. "ఏటా చేద్దాం మేడం. మీరే చేయాలె," అన్నడు. నేను రిలీవ్ చేయుండ్రి అని రాసిచ్చిన కాగితం అప్పటికే ఆయన టేబుల్ మీదనే ఉంది.

రెండో యాడాది నేనే పంతం పట్టిన, ఒప్పుకోవాలె. ఖాళీ కుర్చీలు చూసి నాకు మస్తు సిగ్గయింది. పెండ్లి ముహూర్తాలు లేని రోజులు చూసి తారీఖు పెట్టిన. అట్లయితే బ్యాండ్ల వాళ్ళకు గిరాకీ ఉండదు, వాయించనీకి వస్తరు. పెద్దపల్లి నుంచి రెండు బ్యాండ్లు వచ్చినయ్. జైనూర్ దిక్కు గూడేల నుంచి తుడుం డోలు కొట్టేటోళ్ళు, పెప్రె అనే ఊదే వాయిద్యం వాయించేటోళ్ళు వచ్చిండ్రు. పెద్దమనిషి సాక్సఫోన్ పట్టుకొని నాతోని బడిబడికి తిరిగిండు. పిల్లలకు ఊది వినిపించి, ఏ చప్పుడు ఎక్కడికెళ్ళి వస్తదో చెప్పిండు. ఆ పిల్లలు తల్లిదండ్రులను గుంజుకొచ్చిండ్రు. పెప్రె, సాక్సఫోన్ ఒకదాని ఎనుక ఒకటి పలికినప్పుడు, తలుపుల కాడ నిలబడ్డోళ్ళు గూడ కదలలే.

ఆ రాత్రి అందరు నన్ను మెచ్చుకున్నరు. ఇగ ఇక్కడికెళ్ళి కదలనీయరని నాకు అప్పుడే తెలిసింది.

మూడు నెలలు ఆరేండ్లయినయ్. శనివారం బస్సెక్కుడు, గోదారి వంతెన దాటంగనే పాణం జర తేలికవుడు, సోమవారం చీకటితోనే లేచి మల్ల అదే బస్సు. పుట్టిన రోజులు, జ్వరాలు, పరీక్షలు అన్ని ఫోన్లనే. నా భర్త కోపం చేయడు. "గీసారి గూడ కాలేదా?" అని ఒక్కటే అడుగుతడు. ఆ మాటకే నాకు మెడ వంగిపోతది.

పోయినేడు జాజ్ పండుగ మూడు రోజులు పెట్టినం. రెండో రోజు ఒక పని జరిగింది. సాయంత్రం వేదిక ఎనుక సామాన్ల గదిలకు తివాచీ కోసం పోయిన. ఎవరో చూసుకోక బయట గొళ్ళెం వేసి పోయిండ్రు. ఫోన్ ఆఫీసు టేబుల్ మీద ఉండె. తలుపు కొట్టిన, పిలిచిన. డ్రమ్ముల చప్పుడుల నా చప్పుడు ఎవరికి వినబడాలె. ముందు పరేషాన్ అయిన, తర్వాత వేదిక మీదికి ఎవరిని పిలువాలె, మైకులు ఎవరు మార్పిస్తరు అని. అంతల నేను లేకుండనే తర్వాతి బృందం పేరు చదివిండ్రు. చప్పట్లు వినబడ్డయ్. ఆ బృందం మొదలుపెట్టింది. దాని ఎనుక ఇంకొకటి. ఒక్కటి గూడ ఆగలే. నేను తివాచీల కట్ట మీద కూసొని ఏడ్చిన. సంతోషమో బాధో నాకే తెల్వలే.

గంటన్నరకు వాచ్‌మన్ తలుపు తీసిండు. బయట అధ్యక్షుడు ఎదురైండు.

"మీరు కనబడకపోతే ఫికరయింది మేడం," అన్నడు.

"అయినా ఏది ఆగలే గద సార్. నేను లేకున్నా నడుస్తది. ఇగ నన్ను పంపుండ్రి."

ఆయన నవ్విండు. "మీరు అంత మంచిగ సర్దిపెట్టిండ్రు గనుకనే నడిచింది. మిమ్ముల ఎట్ల వదులుకుంటం?"

నేను తివాచీ ఎత్తుకొని వేదిక దిక్కు నడిచిన.

ఆ పండుగకు మా బిడ్డ మొదటిసారి వచ్చింది. ఇప్పుడు ఇంటర్ చదువుతుంది. మూడో రోజు పెద్దమనిషి వాయిస్తుంటే నేను వేదిక పక్కన నిలబడి చూస్తున్న. అది నన్ను చూసింది. నా కిరాయి రూముకు పోయినంక అన్నది, "అమ్మా, ఇంట్ల నువ్వు ఎప్పుడు గట్ల నవ్వంగ చూడలే." తిట్టినట్టు అనలే, మామూలుగనే అన్నది. నన్ను కట్టేసినోళ్ళ మీదనే ఇన్నేండ్లు కోపం పెట్టుకున్న. నా చేయి గూడ ఆ ముడిల ఉందని అది చెప్పేదాక చూసుకోలే.

ఈ జూన్‌ల బడికి తిరిగి పొమ్మని ఆర్డరొచ్చింది. నిజంగనే వచ్చింది. రూముల ఉన్న గిన్నెలు, బట్టలు కట్టుకున్న. ఐదో రోజు అధ్యక్షుడు ఎవరికో చెప్పి ఆ ఆర్డరును ఆపించిండు. ఇంకొక్క యాడాది అన్నరు. ఆ సాయంత్రమంత మంచం మీద పండి, గోడకేసి మొఖం తిప్పుకున్న. తెల్లారి గిన్నెలు మల్ల బయటికి తీసిన.

కళాభవన్‌కు పోయి పంచాంగం ముందటేసుకొని ముహూర్తాలు లేని రోజులు చూసిన. జైనూర్‌కు ఫోన్ చేసిన. తుడుం కొట్టే ఆయన ఎత్తిండు.

"ఈ యాడాది గూడ మీరేనా మేడం?"

"నేనే," అన్న. తారీఖు చెప్పిన.