అంతసేపూ పైలట్ ఏం చేస్తోంది?

పెద్దకోడలి నోరంటే ఆ వీధిలో అందరికీ హడల్. కార్ల సీట్లకు కవర్లు కుట్టే దుకాణంలో ఆమె పని చేసేది. మందపాటి రెక్సిన్‌ను మోటారు మిషను కింద తోస్తూ, ఆ చప్పుడును మించి మాట్లాడీ మాట్లాడీ, ఇంటికొచ్చాక కూడా గొంతు తగ్గించడం మరిచిపోయింది. సీటు కొలత తప్పు చెప్పిన డ్రైవరునూ, సాయంత్రానికే కావాలని తొందరపెట్టే కారు యజమానినీ ఒకే గాటన కట్టి కడిగేసేది. దుకాణం నడిపే ఆయన ఆమె మిషను పక్కనుంచి వెళ్ళాల్సివస్తే, ఎవరూ మాట్లాడని ఫోనును చెవి దగ్గర పెట్టుకుని గబగబా దాటేసేవాడు.

చిన్నకోడలు పూర్తిగా వేరే రకం. పళ్ళ డాక్టరు గారి ముందుగదిలో కూర్చుని, వచ్చినవాళ్ళ పేర్లు రాసుకుని, “కాస్త కూర్చోండి, ఇప్పుడే పిలుస్తారు” అని చెప్పడం ఆమె ఉద్యోగం. దవడ పట్టుకుని మూలుగుతూ వచ్చినవాడు కూడా ఆ మాట మెత్తదనానికి సగం తేరుకునేవాడు. ఆమెకు కోపం వస్తే అరిచేది కాదు. మాట్లాడటం మానేసేది.

వీళ్ళిద్దరూ తోడికోడళ్ళు. అన్నదమ్ములు కట్టుకున్న ఒకే ఇంట్లో కింద పెద్దవాళ్ళు, పైన చిన్నవాళ్ళు. మెట్లూ, నీళ్ళ మోటారూ ఉమ్మడి. మోటారు వేసినవాళ్ళు కట్టేయలేదనీ, కట్టేసినవాళ్ళు తొందరపడ్డారనీ, మెట్ల మీద ఎవరి చెప్పులు ఎవరి కాలికి అడ్డం పడ్డాయనీ వాళ్ళకు రోజుకో గొడవ. పెద్దకోడలు కింద నిలబడి పైకి అరిచేది. చిన్నకోడలు పైన తలుపు మూసుకునేది.

అలాంటి రోజుల్లోనే ఒక మధ్యాహ్నం పెద్దకోడలి భర్త, పెద్దాయన, స్నానాలగదిలో కుప్పకూలిపోయాడు. గోదాములో క్రేను నడిపే మనిషి, భారీ శరీరం. తల వెళ్ళి నీళ్ళ తొట్టి అంచుకు చేరబడింది. పెద్దకోడలు పరిగెత్తుకొచ్చి ఆ తల తన ఒళ్ళో పెట్టుకుంది. వదిలితే నీళ్ళలోకి జారిపోయేలా ఉన్నాడు. ఫోను ముందుగదిలో ఉంది. ఆమె అక్కడి నుంచే పైకి గొంతు చించుకుని అరిచింది. చిన్నకోడలు ఇంట్లోనే ఉంది. కానీ ఎవరూ దిగలేదు. మళ్ళీ అరిచింది. చాలాసేపటికి మెట్ల మీద అడుగుల చప్పుడు వినబడింది.

ఆయన బతికాడు. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. “ఇంకాస్త ముందు తెచ్చివుంటే” అని డాక్టరు సగంలో ఆపిన మాటను పెద్దకోడలు మరిచిపోలేదు. మిక్సీ వేసుకున్నాను, ఆ చప్పుడులో వినబడలేదు అని చిన్నకోడలు తన భర్తతో చెప్పింది. ఆ రోజు కరెంటే లేదు కదా అని పెద్దకోడలు మరిదిని నిలదీసింది. “ఆ కంగారులో నీకేం గుర్తుంటుంది వదినా, ఊరుకో” అన్నాడు అతను. చుట్టాలందరూ అదే మాట అన్నారు. ఎప్పుడూ గొడవపడే మనిషి చెప్పేది, ఎప్పుడూ నెమ్మదిగా ఉండే మనిషి చెప్పేది ఎదురెదురుగా పెడితే ఎవరైనా నెమ్మదైనవాళ్ళనే నమ్ముతారు. ఆ రోజు నుంచీ తోడికోడళ్ళ మధ్య అరుపులు కూడా లేవు. ఒకరి మొహం ఒకరు చూడటం మానేశారు.

పెద్దాయనకు మిగిలిన మాట ఒక్కటే: “వద్దు.” ఆకలైనా వద్దు, నిద్రొచ్చినా వద్దు, రమ్మన్నా వద్దు. ఆ వద్దులో ఏది అవునో ఏది కాదో పెద్దకోడలికి తప్ప ఎవరికీ తెలిసేది కాదు. పగలంతా టీవీ ముందు కూర్చునేవాడు. ఒక సాయంత్రం ఆమె పని నుంచి వచ్చి చానల్ మార్చబోతే “వద్దు!” అని ఇల్లదిరేలా అరిచాడు. తెర మీద ఏదో బొమ్మల సీరియల్. ఒక పాత ఓడలో నలుగురైదుగురు చుక్కల మధ్య తిరుగుతుంటారు. పేరు ‘చుక్కల నావ’. “చిన్నపిల్లలు చూసేది మీరు చూడటమేంటండీ?” అని విసుక్కుంటూనే పక్కన కూలబడింది. ఆ ఓడలో ఒక మెకానిక్ ఉంది. ఎప్పుడూ మొహం మాడ్చుకుని, అందరి మీదా ఒంటికాలి మీద లేచే మనిషి. పెద్దకోడలికి తెగ నచ్చేసింది. మర్నాడు పని నుంచి తొందరగా వచ్చేసింది.

టైపు నేర్పే ఒక మాస్టారు తన మేడమీది గదిలో ఆదివారం మధ్యాహ్నాలు ఆ సీరియల్ అభిమానులను కూర్చోబెట్టేవాడు. మిషన్లన్నీ గోడకు జరిపి, గోడ మీద ఆ వారం ఎపిసోడ్ వేసి, తర్వాత దానిమీద మాట్లాడుకునేవారు. కాలేజీ పిల్లలు, కొరియర్లు పంచే ఒకాయన, ఇంకా ఇలాంటివాళ్ళు పాతికమంది వచ్చేవారు. పెద్దకోడలు అక్కడ చేరింది. రెండో ఆదివారం తల తిప్పి చూస్తే గుమ్మం దగ్గర కుర్చీలో చిన్నకోడలు! ఇంట్లో తన పిల్లలతో పాటు చూస్తూ ఆమె కూడా ఆ పిచ్చిలో పడిందని అప్పుడు తెలిసింది. నేనెందుకు మానాలి అని ఈమె అనుకుంది. ఆమె కూడా అదే అనుకున్నట్టుంది. ఒకరు కిటికీ పక్క, ఒకరు గుమ్మం పక్క. వాళ్ళు తోడికోడళ్ళని అక్కడ ఎవరికీ తెలియదు. గుమ్మం పక్కావిడంటే అందరికీ ఇష్టం. కిటికీ పక్కావిడ నోరు తెరిస్తే పిల్లలు ఒకరినొకరు గిల్లుకునేవారు.

గొడవ తెచ్చిన ఎపిసోడ్ ఇది. మెకానిక్ ఒక చంద్రుడి మీద ఓడను బాగుచేస్తుంటే రాళ్ళు విరిగి పడి కాలు చిక్కుకుపోతుంది. రేడియోలో పైలట్‌ను పిలుస్తుంది. వాళ్ళిద్దరికీ పడదు. పైలట్ వెంటనే రాదు. చాలాసేపటికి రాళ్ళవానలో ప్రాణాలకు తెగించి వచ్చి, రాయి తొలగించి, చెయ్యి అందిస్తుంది. మెకానిక్ ఆ చెయ్యి పట్టుకోదు. తనంతట తానే లేచి, కుంటుకుంటూ ఓడలోకి వెళ్ళిపోతుంది. అంతే.

మాస్టారు గోడ మీది బొమ్మ ఆపి లేచాడు. “మెకానిక్ పిలిచింది, పైలట్ వచ్చింది. బానే ఉంది. మధ్యలో అంతసేపూ పైలట్ ఏం చేస్తోంది? అది చూపించలేదు. చెప్పండి.”

“ఏముంది సార్, బొమ్మలేసేవాళ్ళకు టైం చాలక ఆ ముక్క ఎగ్గొట్టేశారు,” అన్నాడు కొరియరాయన.

“కాదండీ, ఇంధనం మారుస్తోంది. వెనకాల ఎర్ర లైటు వెలిగింది కదా,” అంది కళ్ళజోడు పెట్టుకున్న కాలేజీ అమ్మాయి.

చిన్నకోడలు తన మెత్తటి గొంతుతో అందుకుంది. “నాకైతే పైలట్‌కి వినబడలేదనిపించింది. ఓడలో ఇంజిన్ల మోత ఉంటుంది. పాపం, వినబడగానే పరిగెత్తుకొచ్చింది. అలా వచ్చిన మనిషి చెయ్యి చాపితే పట్టుకోకుండా పోవడం ఏం మర్యాద? అంత పొగరు పనికిరాదు.”

చాలామంది తలలూపారు.

“వినబడింది,” అంది పెద్దకోడలు కిటికీ దగ్గర నుంచి.

“మీకెలా తెలుసు ఆంటీ?”

“రేడియో దాని చెవి పక్కనే ఉంది. వినబడి, విననట్టు కూర్చుంది.”

చిన్నకోడలు మాస్టారి వైపే చూస్తూ అంది. “కొంతమందికి ఎదుటివాళ్ళలో చెడు తప్ప ఏం కనబడదండీ. అంత మోతలో ఎవరికైనా ఏం వినబడుతుంది?”

“ఏం మోత?” పెద్దకోడలు లేచి నిలబడింది. “ఏం మోతే? ఆ రోజు కరెంటే లేదు!”

గదిలో అందరూ గోడ మీది బొమ్మ వైపు చూశారు. “కరెంటు లేదా? ఓడలోనా?” అన్నాడు కొరియరాయన. “నేను రెండుసార్లు చూశానే, ఎక్కడొచ్చిందండీ అది?”

“కరెంటు లేకుండా ఏ కొంపలో తిరుగుతుంది మిక్సీ? అందరినీ నమ్మించావు. నీ మొగుణ్ణి నమ్మించావు, చుట్టాలను నమ్మించావు. నేను ఆయన తల ఒళ్ళో పెట్టుకుని అరుస్తున్నాను. అంతసేపూ ఏం చేస్తున్నావు? చెప్పు, వీళ్ళందరూ అడుగుతున్నారుగా!”

“అమ్మా, మిక్సీ...” అని మాస్టారు ఏదో అనబోయి ఆగిపోయాడు. ఇది చంద్రుడి మీది గొడవ కాదని అతనికి అప్పటికి అర్థమైంది.

చిన్నకోడలి మొహంలో రంగు మారింది. ఆ గదిలో ఆమె గొంతు పెంచగా ఎవరూ వినలేదు, ఆ రోజు విన్నారు. “అవును, వినబడింది! మొదటిసారే వినబడింది. మళ్ళీ మోటారు గురించి మొదలుపెట్టావనుకున్నాను. అరవనీ, ఎంతసేపు అరుస్తుందో చూద్దామనుకున్నాను. బట్టలు మడతపెట్టుకుంటూ కూర్చున్నాను. కుప్పంతా అయ్యాక దిగాను. సరేనా? నీక్కావలసింది ఇదేగా?”

పెద్దకోడలు కిటికీ వదిలి ఒక అడుగు ముందుకేసింది.

“ఇంకోటి కూడా విను అక్కా. రోజూ అరిచేదానివి. సబ్బునీళ్ళకు అరిచావు, చెప్పులకు అరిచావు. ఇల్లు తగలబడుతోందని అరిచినా, బకెట్టు అడ్డంగా ఉందని అరిచినా నీ నోట్లో ఒక్కలాగే ఉండేది. నాకెలా తెలియాలి?” అని చిన్నకోడలు సంచీ తీసుకుని మెట్లు దిగిపోయింది.

పెద్దకోడలు ఇన్నేళ్ళూ ఆ ఒప్పుకోలు కోసమే కాచుకుంది. నలుగురిలో దాన్ని కక్కించినప్పుడు కడుపు చల్లబడుతుందనుకుంది. చివర విన్న మాట మాత్రం ఆమెకు మింగుడుపడలేదు. అందులో ఎంత నిజముందో ఆమెకు తెలుసు.

ఇంటికెళ్ళి భర్తకు చెప్పింది. “దానికి వినబడిందటండీ. బట్టలు మడతపెట్టుకుందట.” ఆయన ఆమె వైపు చూసి “వద్దు” అన్నాడు. ఎవరికీ చెప్పొద్దనా, గొడవ వద్దనా, తనకా సంగతే వద్దనా? ఆ ఒక్క వద్దును మాత్రం ఆమె పోల్చుకోలేకపోయింది.

అభిమానుల ఫోను గ్రూపులో ఆ వారమంతా ఇదే పండగ. ఎవడో పైలట్ చేతిలో మడతపెట్టిన చొక్కా పెట్టి బొమ్మ చేశాడు. ఓడ నిండా ఇస్త్రీ బట్టలు పెట్టి ఇంకొకడు చేశాడు. పళ్ళ డాక్టరు గారి దగ్గర ఎవరో ఆ బొమ్మ చూపించి నవ్వారని కూడా తెలిసింది. పెద్దకోడలు దుకాణంలో మిషను ఆపి ఆ బొమ్మలన్నీ చూసింది. మొదటిదానికి నవ్వింది. నాలుగోదానికి ఒళ్ళు మండింది. తమ ఇంటి మంట మీద ఈ వెధవలు చలి కాచుకోవడమేంటి? వేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాసింది: “అది మా ఇంటి గొడవ. ఇంకెవడైనా బొమ్మ పెడితే రెక్సిన్ కుట్టే సూదితో నోరు కుట్టేస్తాను. దుకాణం ఎక్కడో అందరికీ తెలుసు.” బొమ్మలు ఆగిపోయాయి. ఆమెను గ్రూపులోంచి తీసేశారు.

మర్నాడు మెట్ల దగ్గర చిన్నకోడలు ఎదురైంది. “ఎవరడిగారు నిన్ను?” అంది.

“నీ కోసం కాదులే,” అంది పెద్దకోడలు, దారివ్వకుండానే.

చిన్నకోడలు తన భర్తకు అసలు సంగతి తానే చెప్పింది. అతను కిందికొచ్చి అన్న కాళ్ళ దగ్గర కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. “ఆ రోజు నేను చెబితే కంగారన్నావు,” అంది పెద్దకోడలు. “ఇప్పుడు ఏడవడానికి పైన గది లేదా?” అతను కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత వాళ్ళు పళ్ళ డాక్టరు గారి వీధిలో ఇల్లు చూసుకుని మారిపోయారు. సామాను దించుతున్నప్పుడు పెద్దకోడలు ముందుగది తలుపు తీసిపెట్టుకుని కూర్చుంది. చిన్నకోడలు సామానుతో చాలాసార్లు ఎక్కీ దిగీ, ఒక్కసారి కూడా లోపలికి చూడలేదు. పైన ఎవరో కొత్తవాళ్ళు అద్దెకు దిగారు. వాళ్ళు మోటారు వేసి సరిగ్గా కట్టేసేవారు.

సీరియల్ కొత్త భాగాలు మొదలైన ఆదివారం పెద్దకోడలు ఎవరూ పిలవకుండానే మాస్టారి మేడ ఎక్కింది. వెళ్ళిపొమ్మనే ధైర్యం ఎవరికీ లేకపోయింది. గుమ్మం పక్క కుర్చీలో చిన్నకోడలు అప్పటికే ఉంది. ఆ ఎపిసోడ్‌లో ముసలి కెప్టెన్ దిగిపోయి, ఓడను పైలట్ చేతికి అప్పగిస్తాడు.

“దానికా ఓడ? చుక్కాని పట్టుకోవడం తప్ప ఏం తెలుసు దానికి? ఇంజిన్ విప్పమనండి చూద్దాం,” అంది పెద్దకోడలు.

“ఇంజిన్ విప్పేవాళ్ళందరూ కెప్టెన్లు కాలేరు. మనుషులతో మాట్లాడటం రావాలి,” అంది చిన్నకోడలు. ఈసారి మాస్టారి వైపు కాదు, సూటిగా ఆమె వైపే చూస్తూ.

“మాటలకు ఓడ కదలదు.”

“తిట్లకూ కదలదు. రెండో భాగంలో మెకానిక్ తిట్టీ తిట్టీ ఏం సాధించింది? వాళ్ళు దారి తప్పింది ఎవరివల్ల?”

“దారి తప్పింది పైలట్ పటం తిరగేసి పట్టుకోబట్టి! మళ్ళీ చూసుకో పో.”

“చూశాను. నువ్వు చూసుకో. పటం తిరగేసింది కెప్టెన్.”

మాస్టారు పాత ఎపిసోడ్ వెతికి గోడ మీద వేయాల్సివచ్చింది. పటం తిరగేసింది కెప్టెనే. పెద్దకోడలు ఒప్పుకోలేదు, అది కెప్టెన్ చెయ్యి కాదు పొమ్మంది. ఇద్దరూ కుర్చీలు ముందుకు లాక్కున్నారు. గొంతులు వీధిలోకి వినబడ్డాయి. కళ్ళజోడమ్మాయి మధ్యలో రెండుసార్లు మాట్లాడబోతే ఇద్దరూ కలిసి ఆమెను కసిరారు. ఏ క్షణంలోనైనా మోటారో మిక్సీయో బయటపడుతుందని కొరియరాయన చెవులు రిక్కించుకుని కూర్చున్నాడు. చీకటి పడి మాస్టారు లైటు వేసేదాకా కూర్చున్నాడు. ఒక్క ఇంటి మాట కూడా దొర్లలేదు.