గోడ అవతల ఆకుల సద్దు

నా చిన్నప్పుడు ఒక మధ్యాహ్నం, ఎండ ఫెళ్ళున కాస్తున్న వేళ, మా చిన్నమ్మ గోడకు చెవి ఆనించి చాలాసేపు కదలకుండా నిలబడింది. తర్వాత రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని మా అవ్వ వైపు తిరిగి, "పురుగులు ఆగిపోయినాయత్తా. లోపల బిడ్డ కూడా ఆగిపోయినాది" అంది. ఆమె గొంతులో ఏడుపు లేదు. ఎవరో చెప్పి పంపిన కబురు మాకు అందిస్తున్నట్టు ఉంది. నాకు అప్పుడు తొమ్మిదేళ్ళు.

మాది జంగమకోటె పక్కన ఒక పల్లె. మా ఇంట్లో సగం మనుషులకు, సగం పట్టుపురుగులకు. పురుగుల గదికీ మా చిన్నాయన, చిన్నమ్మ ఉండే గదికీ మధ్య ఒక మట్టిగోడ ఉండేది. గది చల్లగా ఉండాలని కిటికీలకు తడి గోనెలు కట్టేవారు. చీమలు ఎక్కకుండా, పురుగుల తట్టలు పేర్చే వెదురు స్టాండుల కాళ్ళు నీళ్ళ గిన్నెల్లో పెట్టేవారు. పురుగులు పెద్దవయ్యాక మల్బరీ ఆకు, మా మాటలో రేష్మె ఆకు, వేసిన కొద్దిసేపటికి సద్దు మొదలయ్యేది. పక్కింట్లో ఎవరో ఆగకుండా రవ్వ జల్లెడ పడుతున్నట్టు ఉండేది. వేల నోళ్ళు ఆకు కొరికే సద్దు అది. మేము పుట్టినప్పటి నుంచీ వింటున్నాం కాబట్టి మా చెవులకు అది తెలిసేదే కాదు.

చిన్నమ్మ మాత్రం బాగేపల్లి వైపు, గూళూరు నుంచి వచ్చింది. వాళ్ళది వేరుశనగ పొలం. పురుగుల ఇల్లు ఆమెకు కొత్త. మొదటి కాన్పు ఏడో నెలలోనే పోయింది. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. రెండోసారి ఎనిమిదో నెల వచ్చేసరికి ఆమెకు ఒక అలవాటు పట్టింది. భోజనం అయ్యాక ఆ మట్టిగోడకు వీపు ఆనించి కూర్చునేది. అవతల సద్దు మొదలుకాగానే కడుపులో బిడ్డ తన్నేదట. ఆమె నా చేయి పట్టుకుని కడుపు మీద పెట్టించేది. నిజంగానే తన్నేది.

మా అవ్వ నవ్వేది. "ఏమ్మా, నీ మొగుని మాట కంటే పురుగుల మాటే ఇంపుగా ఉండాదా?"

"ఆయప్ప నోరు తెరిస్తే కదత్తా ఇంపో కంపో తెలిసేది" అని చిన్నమ్మ అనేది. మా చిన్నాయన నిజంగానే పెద్దగా మాట్లాడే మనిషి కాదు.

పట్టుపురుగు నాలుగుసార్లు చర్మం వదులుతుంది. చర్మం వదిలే ముందు తిండి మానేసి, తల ఎత్తి, ఒక రోజుకు పైగా రాయిలా ఉండిపోతుంది. దాన్ని మా వైపు జ్వరం అంటారు. మొదటి మూడు జ్వరాలప్పుడు పురుగులు మరీ చిన్నవి, అవి ఎప్పుడు తింటున్నాయో ఎప్పుడు మానేశాయో గోడ ఇవతల తెలియదు. నాలుగో జ్వరం అలా కాదు. అప్పటిదాకా నిండుగా వినిపించిన ఇల్లు ఒక్కసారిగా మూగబోతుంది. ఆ రోజు ఆకు కొయ్యాల్సిన పని ఉండదు కాబట్టి పెళ్ళిళ్ళకూ చుట్టాల ఇళ్ళకూ వెళ్ళేది అప్పుడే. ఆ పొద్దు కూడా ఇంటిల్లిపాదీ సాదలిలో పెళ్ళికి వెళ్ళారు. పురుగుల గదికి కాపలాగా అవ్వ, ప్రయాణం పడదని చిన్నమ్మ, చిన్నమ్మకు తోడుగా నేను, ముగ్గురమే మిగిలాం.

చిన్నమ్మకు ఇవన్నీ ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన సంగతి అని మాకు తోచలేదు. పుట్టినప్పటి నుంచీ పురుగుల మధ్య ఉన్నవాళ్ళు చేసే తప్పు అది.

అవ్వ ఆమెను కూర్చోబెట్టి, "జ్వరానికి కూచున్నాయమ్మా. రేపు పొద్దునకి లేస్తాయి. లేసినాక సూడు, ఇల్లు ఎగిరిపోయేటట్ల తింటాయి" అంది.

"అవి లేస్తాయత్తా. ఈ బిడ్డ లేస్తాదా?"

అవ్వ చిన్నమ్మ కడుపు మీద చేయి పెట్టి చాలాసేపు ఉంది. ఎప్పుడు మెదిలిందని అడిగింది. నిన్న రాత్రి సద్దు ఉన్నప్పుడు మెదిలింది, పొద్దున లేచినప్పటి నుంచి లేదు అని చిన్నమ్మ చెప్పింది. చింతామణి ఆసుపత్రికి పోవాలంటే బస్సు నాలుగింటికి. అంతకు ముందు ఏ బండీ లేదు, పిలుద్దామన్నా ఊళ్ళో సగం మంది ఆ పెళ్ళిలోనే ఉన్నారు. అవ్వ చిన్నమ్మకు బెల్లం నీళ్ళు తాగించి ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టింది. ఆమె పడుకుని ఉండలేకపోయింది. మళ్ళీ లేచి గోడ దగ్గరికే వెళ్ళింది. అరచేత్తో గోడను తడుముతూ, తలుపు కొట్టినవాళ్ళు లోపలి నుంచి పలుకు కోసం చూసినట్టు చూసింది. ఆ చూపు చూశాక నాకు ఆమెతో ఒక్కదాన్నే ఉండాలంటే భయం వేసింది.

అవ్వ నన్ను వంటింట్లోకి పిలిచి చెవిలో చెప్పింది. పెరట్లో ఎండిన రేష్మె ఆకు ఉంది, కొంచెం తువ్వాలులో మూట కట్టుకో. సద్దు లేకుండా పురుగుల గదిలోకి పో. గోడ పక్కన కూచో. నేను దగ్గుతాను. దగ్గినాక ఆకును రెండు చేతుల మధ్య నిదానంగా నలుపు. తట్టలు ముట్టుకోవద్దు, మాట్లాడొద్దు.

"మోసం కదవ్వా?" అన్నాను.

"భయపడినోళ్ళను భయపడొద్దంటే ఇనరే. భయం తీరేదాకా పక్కన ఏదో ఒకటి ఉండల్ల. బస్సు వచ్చేదాకా నువ్వు ఉండు, అంతే."

తువ్వాలు మూట చంకలో పెట్టుకుని గది తలుపు నెట్టాను. ఎండలోంచి వెళ్ళడం వల్ల ముందు ఏమీ కనిపించలేదు. తడి గోనె వాసన, ఆకు వాసన. తర్వాత మెల్లగా తట్టలు కనిపించాయి. ఒకదాని మీద ఒకటి, నేల నుంచి పైకప్పు దాకా. ప్రతి తట్టలోనూ తెల్లని పురుగులు తలలు పైకెత్తి ఉన్నాయి. ఒక్కటీ కదలడం లేదు. అన్ని తలలూ ఒకే ఎత్తులో, ఒకే వంపులో ఉన్నాయి. అంతకు ముందు ఎన్నో జ్వరాలు చూశాను, కానీ అప్పుడు పక్కన అమ్మ ఉండేది, తాత ఉండేవాడు. ఒక్కదాన్నే చూడటం అదే మొదలు. అవి నిద్రపోతున్నట్టు లేవు. గోడ అవతల చిన్నమ్మ ఎలా చెవి ఒగ్గి ఉందో, ఇవతల ఇవీ అలాగే చెవి ఒగ్గి ఉన్నాయనిపించింది.

నేను గోడ దాకా వెళ్ళలేదు. వెనకడుగు వేసి బయటికి వచ్చి, తలుపు దగ్గరగా లాగి, పెరడు దాటి మల్బరీ తోటలోకి పరుగెత్తాను. మొక్కల మధ్య కూర్చుని చెవులు మూసుకున్నాను. అంత గట్టిగా మూసుకున్నా అవ్వ దగ్గు వినిపించింది. ఒకసారి. కొంచెం ఆగి ఇంకోసారి. తర్వాత లేదు. ఒళ్ళో మూట అలాగే ఉంది.

నా వల్ల చిన్నమ్మ బిడ్డ చచ్చిపోయిందని అనుకున్నాను. తొమ్మిదేళ్ళ పిల్లకు అంతకంటే పెద్ద నేరం ఏముంటుంది? ఎంతసేపు అలా కూర్చున్నానో తెలియదు. బస్సు వేళ అవుతోందని భయపడి లేచి, మూటను బట్టలు ఉతికే బండ మీద పెట్టి, తిట్లు తినడానికి సిద్ధపడి ఇంట్లోకి వెళ్ళాను.

చిన్నమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నవ్వుతోంది, కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. అవ్వ అరచేయి ఆమె కడుపు మీద ఉంది. "రా పాపా, రా, చెయ్యి పెట్టు. ఎట్ల తంతాండాదో సూడు" అని చిన్నమ్మ నన్ను పిలిచింది. చేయి పెట్టాను. తన్నింది. తలెత్తి చూస్తే అవ్వ నా వైపు చూసి కన్ను గీటింది.

బిడ్డ మెదిలినా అవ్వ ప్రయాణం మానలేదు. "మెదిలితే మంచిదే, అయినా సూపిద్దాం" అని తలుపుకు తాళం వేసింది. చింతామణి ఆసుపత్రిలో నర్సమ్మ కడుపు మీద గొట్టం పెట్టి విని, గుండె బాగా కొట్టుకుంటోందని చెప్పింది. తిరుగు బస్సులో చిన్నమ్మ అవ్వ భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయింది. అప్పుడు అవ్వ నా చేతిలో కొబ్బరి ముక్క పెట్టి, "ఎంత బాగా చేసినావే! నాకే నిజంగా పురుగులు లేసినాయేమో అనిపించినాది" అని చెవిలో అంది.

నేను కొబ్బరి తిన్నాను.

ఇల్లు చేరేసరికి చీకటి పడుతోంది. మొదట పెరట్లోకి వెళ్ళి చూశాను. మూట బండ మీద ఉంది. ముడి నేను వేసినట్టే ఉంది. మరునాడు పొద్దున లేవాల్సిన పురుగులు పొద్దునే లేచాయి, ఒక్క గంట ముందు కూడా కాదు. ఎలుకలేమో అనుకుందామంటే తట్టల్లో ఒక్క పురుగూ తగ్గలేదు. గాలి అనుకుందామంటే ఆ రోజు ఆకు కదల్లేదు. పెద్దదాన్నయ్యాక కూడా ఇలా ఒక్కొక్కటీ తీసి పక్కన పెట్టి చూశాను. ఏ కారణమూ మిగల్లేదు. అవ్వకు నిజం చెప్పాలని రెండు మూడుసార్లు దగ్గరికి వెళ్ళి కూడా చెప్పలేకపోయాను. కాన్పు అయ్యాక చిన్నమ్మకు కూడా ఆకు సంగతి చెప్పి, అవ్వ ఆ నమ్మకంతోనే పోయింది.

ఆ బిడ్డ ఆడపిల్ల. నాకు చెల్లెలు. ఇప్పుడు చిక్కబళ్ళాపురంలో ఉంటుంది. ఎనభై దాటిన చిన్నమ్మ ఆమె దగ్గరే ఉంది. ఆ చెల్లెలి కూతురు స్పెయిన్‌లో వలెన్సియా అనే ఊళ్ళో ఉద్యోగం చేస్తూ అక్కడి అబ్బాయినే పెళ్ళి చేసుకుంది. దానికిప్పుడు ఎనిమిదో నెల. రోజూ సాయంత్రం ఫోను చేస్తుంది. అప్పుడు అక్కడ మధ్యాహ్నం. అన్నం వార్చే విద్య మొగుడికి ఇంకా పట్టుబడలేదనీ, అత్తగారు వారానికొక ఊలు చొక్కా అల్లి తెస్తోందనీ, అయిదో అంతస్తు లిఫ్టు మళ్ళీ చెడిపోయిందనీ చెబుతుంది. రెండు వారాల కిందట ఒక రోజు గొంతు తగ్గించి మాట్లాడింది. భోజనాలయ్యాక అక్కడ అందరూ కిటికీల పలకల తెరలు కిందికి దించేస్తారట. వీధిలో అంగళ్ళు మూసేస్తారట. ఇల్లంతా చీకటి, చడీ చప్పుడూ ఉండదు. "ఆ టైములో లోపల కూడా ఏమీ ఉండదు పెద్దమ్మా. యాడికో పోయినట్ల ఉంటాది" అంది.

ఆసుపత్రికి వెళ్ళావా అని అడిగాను. రెండుసార్లు వెళ్ళిందట, యంత్రం పెట్టి చూశారట, అంతా బాగుందన్నారట. అయినా మధ్యాహ్నం కాగానే భయం వస్తోందని చెప్పింది. భయపడొద్దని నేను అనలేదు. ఫోను పెట్టకుండా ఉండమన్నాను. గంటసేపు ఇద్దరం ఏమీ మాట్లాడకుండా ఫోన్లు తెరిచి కూర్చున్నాం. ఈ పని మాత్రం నాకు అవ్వ నేర్పింది. ఎవరి కాన్పు వేళకైనా నేను చేస్తూ వచ్చింది ఇదే.

చివర్లో అది అడిగింది. దానికి అవ్వ అంటే మా చిన్నమ్మ. "అవ్వ చెప్పినాది పెద్దమ్మా, నువ్వు ఆ పొద్దు గోడ అవతల ఆకు నలిపినావంట కదా. ఆ సద్దు ఒగసారి ఫోన్లో రికార్డు చేసి పంపీ."

నిజం చెప్పడానికి అదే సమయం. ఎనిమిదో నెల పిల్లకు ఏమని చెప్పను? మరునాడు ఊరి నుంచి మల్బరీ ఆకు తెప్పించుకున్నాను. నాలుగు రోజులు మిద్దె మీద ఎండబెట్టాను. తలుపు వేసుకుని, ఫోను పక్కన పెట్టుకుని, అవ్వ చెప్పినట్టే రెండు చేతుల మధ్య నిదానంగా నలిపాను. జీవితంలో మొదటిసారి. వింటే బాగానే ఉంది. పంపాను. బిడ్డ కదిలిందని మరుసటి రోజు జవాబు వచ్చింది. ఆ రికార్డును అది మా ఇంటి వాళ్ళందరికీ పంపినట్టుంది. రాత్రి కాకముందే చిన్నమ్మ ఫోను చేయించింది.

"పాపా, ఇది యాడిదే?"

"నేనే చేసినా చిన్నమ్మా. ఆ పొద్దు మాదిరిగానే."

"కాదే. ఇది ఆకు నలిపే సద్దు. ఆ పొద్దుది ఇట్ల లేదు. కొంచెంసేపు వచ్చేది, ఆగేది. నేను ఇంటాండానా లేదా అని సూసుకొని మళ్ళా మొదలయ్యేది. బిడ్డ తన్నినాక ఆగిపోయె. నీకు గుర్తులేదా?"

వయసు మీద పడింది చిన్నమ్మా, చేతులు మారిపోయినాయి అన్నాను. ఆమె సరేలే అని పెట్టేసింది.

వలెన్సియా పిల్ల కాన్పుకు ఇంకా అయిదు వారాలు ఉంది. రోజూ మధ్యాహ్నం నేను పంపిన సద్దు పెట్టుకుని వింటోంది. ఆ పొద్దు మా ఇంట్లో ఉన్నది ముగ్గురం. అందులో ఇద్దరు అప్పటి సద్దు విన్నారు. విననిదాన్ని నేనొక్కదాన్నే.