బా అల్లాల్ ఊడబెరికిన పట్టీ

మా పేట ఆవిరి స్నానాల ఇంట్లో, అదే మా హమామ్‌లో, ఒళ్లు రుద్దే బా అల్లాల్‌కు పొగరెక్కువ. తన చేతికింద పడుకుని లేచిన మనిషి ఒంటిమీద గోరంత మురికి మిగిలిందని తెలిస్తే ఆ పూట రొట్టె ముట్టడు. ఆవిరికీ వయసుకీ కళ్లు మసకబారి పదేళ్లయింది. అయినా వీపు తడిమి వీడు తోళ్లు ఊనేవాడు, వీడు రాగి కొట్టేవాడు అని ఇట్టే చెప్పేస్తాడు. నల్ల సబ్బు పూసి, చేతికి గరుకు తొడుగు వేసుకున్నాడంటే ఎంతటివాడైనా నోరు మూసుకుని పడుండాల్సిందే. నేను మెక్కీని, బయటి గదిలో బట్టలకు కాపలా ఉంటాను. ఆయన నోటికి జడవకుండా ముప్పై ఏళ్లు నెగ్గుకొచ్చింది ఇద్దరమే, నేనూ, సీ థామీ.

సీ థామీ గుర్రపు జీనులు కుట్టి కుట్టి మానేసిన ముసలాయన. గురువారం మధ్యాహ్నం నమాజు కాగానే వచ్చేవాడు. ఇక లోపలినుంచి ఇద్దరి కేకలూ గుమ్మందాకా వినపడేవి.

“మెల్లిగా రుద్దరా కసాయీ! జీను తోలనుకున్నావా?”

“జీను తోలైతే ఇంత మురికి ఉండదు, పడుకో.”

మొన్న చలికాలంలో సీ థామీ వరసగా మూడు గురువారాలు రాలేదు. జలుబని కబురంపాడు. ఆ మూడు వారాలూ బా అల్లాల్ కనపడిన ప్రతివాడితో తగువు పెట్టుకున్నాడు. నాలుగో వారం సీ థామీ వచ్చాడు. చొక్కా విప్పుతుంటే చంక కింద, పక్కటెముకల మీద పల్చని చదరపు పట్టీ ఒకటి నా కంటపడింది.

“ఇదేంటి సీ థామీ?”

“ష్! గుండెనొప్పి రాకుండా వేసే మందు పట్టీ. వచ్చాక పనికొచ్చేది కాదంట, రాకుండా కాపలా కాస్తుందంట, నీలాగే. రోజూ పొద్దున్నే మావాడు అంటిస్తాడు.”

“మరి ఈ వేడిలోకి పోవచ్చా?”

“డాక్టరు వద్దన్నాడు. మసీదుకని చెప్పి వచ్చా. ఆ ముసలోడికి మాత్రం చెప్పకు, గడప తొక్కనివ్వడు. గురువారం కూడా లేకపోతే నాకింకేం మిగిలిందిరా?”

ఆ మాటకు నా మనసు కరిగింది. నోరు మూసుకున్నాను.

గంట తర్వాత ఇద్దరూ బయటికొచ్చారు. బా అల్లాల్ ముఖం వెలిగిపోతోంది.

“చూశావా మెక్కీ, మూడు వారాలు నా చెయ్యి పడకపోయేసరికి వీడి ఒంటికి కాగితాలు అంటుకుంటున్నాయి! కునుకు తీస్తున్నాడు కదాని గోటితో ఊడబెరికి కాలవలో పారేశా.”

సీ థామీ చెయ్యి పక్కటెముకల మీదికి పోయింది. ముఖం పాలిపోయింది. అంతలోనే నవ్వేశాడు. “తోలు మిగిల్చావు, అదే పదివేలు” అన్నాడు. చెప్పొద్దని నాకేసి తల ఆడించాడు. ఎప్పుడూ తాగే పుదీనా టీ కూడా ముట్టలేదు.

“ఇంటికెళ్లి ఇంకోటి అంటించుకుంటాలే” అని నా చెవిలో చెప్పి బయలుదేరాడు.

వాళ్లిల్లు ఎత్తు సందు చివర, నూరుకు పైగా మెట్లు. కాసేపు కూర్చుని వెళ్లు అని ఒక్క మాట అనలేకపోయాను. సగం మెట్ల మీద కూలిపోయాడు. ఇంటికి మోసుకెళ్లేలోపే ప్రాణం పోయింది.

మా పేటలో పోయిన మగవాళ్లకు కడపటి స్నానం చేయించేది కూడా బా అల్లాలే. మర్నాడు పొద్దున నేను నీళ్లు పోస్తుంటే, ఒత్తితే నొప్పి పుడుతుందన్నట్టు మెల్లిగా కడుగుతున్నాడు. పక్కటెముకల దగ్గర చెయ్యి ఆగింది.

“ఇవేం గుర్తులు? చదరపు ముక్కల్లా, ఒకదాని పక్కన ఒకటి?”

“గుండె మందు పట్టీలు, బాబాయ్. నిన్నటిది కూడా నేనే అంటించాను. ఎక్కడ ఊడిపోయిందో” అన్నాడు సీ థామీ కొడుకు.

బా అల్లాల్ నీళ్లు పోయమని నాకు సైగ చేశాడు. స్నానం పూర్తిచేశాడు, ఎన్నిసార్లు కడగాలో ఆ లెక్క తప్పకుండా. ఖననం కాగానే హమామ్‌కు పోయి, కాలవ మీది జాలీ ఎత్తి, మోచేతిదాకా చెయ్యి బురదలో పెట్టి సాయంత్రందాకా వెతికాడు. దొరకలేదు.

“నేనే చంపుకున్నా మెక్కీ” అని పసివాడిలా ఏడ్చాడు.

వేడికే పోయాడో, మెట్లకే పోయాడో ఎవరూ చెప్పలేరని డాక్టరు అన్నాడట. ఆ మాట బా అల్లాల్ చెవికెక్కలేదు. తిండి మానేశాడు, చిక్కి సగమయ్యాడు. చూడలేకపోయాను. నలభయ్యో రోజున కూర్చోబెట్టి మొత్తం చెప్పేశాను. పట్టీ నేను ముందే చూశానని, ఆయన దగ్గరికి రావాలనే సీ థామీ దాచాడని, తప్పు ఆయనది కాదని.

బా అల్లాల్ నాకేసి తిరిగాడు.

“నువ్వు ముందే చెప్పుంటే మెడబట్టి ఇంటికి పంపేవాణ్ణి. వాడు అలిగి నాతో ఏడాది మాట్లాడేవాడు కాదు.” గోడ పట్టుకుని లేచాడు. “పోనీ, మాట్లాడకపోయేవాడురా. బతికుండి మాట్లాడకపోయేవాడు.”

ఇప్పటికీ పనిలోకి వస్తాడు. తొడుగు వేసుకునే ముందు ప్రతివాడి ఒంటినీ వట్టి అరచేత్తో, సీ థామీని కడిగినంత మెల్లిగా తడిమి చూస్తాడు. నాతో మాత్రం, నిజం చెప్పిన ఆ రోజు నుంచి, మాట్లాడడం లేదు.