మా వదిన ఎదురుచూసిన సూర్యుడు

కొండమీది చెరువు ఊరి ఉమ్మడి ఆస్తి. దాని గేటు మాత్రం హోటలు వాళ్ళ చేతిలో ఉంది. వాళ్ళ అతిథులు తెల్లవారకముందే లోపలికి వెళ్ళవచ్చు. ఆ నీళ్ళే కుళాయిలో పట్టుకుని తాగే మేము మాత్రం పదయ్యాక వెళ్ళి, పొద్దు వాలకముందే బయటికి వచ్చేయాలి. బస్టాండు ఎదుట ఫొటో స్టూడియో నడిపే మా వదిన ఈ ఏర్పాటును ఏళ్ళ తరబడి నోరెత్తకుండా భరించింది. చేతికి హోటలు పట్టీ ఉందా అని కాపలావాడు అడిగేవాడు. లేదనేది. కెమెరా సంచి ఒళ్ళో పెట్టుకుని గేటు పక్కన మెట్టు మీద కూర్చునేది.

లోపలికి వదిలేసరికి ఎండ నెత్తికెక్కేది, గాలి లేచేది. చెరువు సత్తుపళ్ళెంలా మెరిసేది. "ఎవరైనా అడిగితే కొండకు పాస్‌పోర్టు ఫొటో తీశానని చెప్పు. దానికి ముఖంలో కళ అక్కర్లేదు," అని తన పనిని తానే వెక్కిరించుకునేది.

ఆమెకున్న తెల్లవారుజాము ఒక్కటే, అదీ గుడ్డ మీద. స్టూడియోలో మా నాన్న గీసిన తెర ఉంది. కదలని చెరువు, అవతల కొండ, కొండ వెనక నుంచి లేస్తున్న ఎర్రటి సూర్యుడు. బడిపిల్లలు, కొత్తగా ఉద్యోగం వచ్చినవాళ్ళు, ఊరంతా దాని ముందే ఫొటో దిగింది. తెర మడతల దగ్గర రంగు పెచ్చులూడుతుంటే, ఈసారి అసలు ఉదయాన్నే ఫొటో తీసి, పెద్దగా అచ్చు వేయించి వేలాడదీస్తానని వదిన పట్టుబట్టింది.

హోటలు ఫొటోగ్రాఫరుకు జ్వరం వచ్చింది కాబట్టి ఆ ఉదయం దొరికింది. ఒక అతిథి జంటకు ఫొటోలు తీయమని వదినను పిలిచారు. లైటు స్టాండు మోస్తానని నేనూ వెంటపడ్డాను.

చీకటి విడుతోంది. నీరు కదలడం లేదు. జంట ఇంకా ముస్తాబవుతోంది. వదిన కెమెరాను కొండకు గురిపెట్టి, సూర్యుడు లేవాల్సిన చోటును తెరను బట్టి అంచనా కట్టి, బటన్ మీద వేలు పెట్టి నిలబడింది. శిఖరం ఎర్రబడింది. ఆ ఎరుపు మెల్లగా కిందికి జారింది. కొండంతా నీళ్ళలో తలకిందులుగా వెలిగింది.

"తియ్యి వదినా," అన్నాను.

"ఆగవే. అసలు మనిషి రాకుండా ఖాళీ కుర్చీకి ఫొటో తీస్తామా?"

ఆగాం. మా ఇద్దరి నీడలు మా ముందే పొడుగ్గా నీళ్ళ మీద పడ్డాయి. అయినా అర్థం కాలేదు. అప్పుడు ఆ జంటలోని అమ్మాయి వచ్చింది.

"దేనికోసం చూస్తున్నారక్కా?"

"సూర్యుడి కోసమమ్మా."

"ఆయన మీ వెనకున్నాడు."

తిరిగి చూశాం. నిజంగానే ఉన్నాడు. మళ్ళీ ఇటు తిరిగేలోగా గాలి వచ్చి నీళ్ళలోని కొండను చెరిపేసింది.

జంట ఫొటోలు బాగానే వచ్చాయి. వదినకు కావలసినది రాలేదు. దిగి వస్తూ దారంతా నవ్వుతూనే ఉంది. "మామయ్య గీశారు, నేను నమ్మాను, ఊరంతా దాని ముందు పళ్ళికిలించింది. సూర్యుడు పడమట లేస్తున్నాడేంటమ్మా అని ఒక్కరూ అడగలేదు. ఎలా అడుగుతారులే. ఈ మలుపుల దారిలో దిక్కులే తెలియవు, పైగా అక్కడ పొద్దుపొడుపు చూసిన మొహాలా మనవి?" కెమెరా సంచి భుజం మార్చుకుని, "ఇంకొక్కసారి వెళ్ళగలిగితే బాగుండు," అంది.

హోటలు ఫొటోగ్రాఫరు కోలుకున్నాడు. అతనికి మళ్ళీ జ్వరం రావాలని కోరుకోవడం మర్యాద కాదు. అందుకే ఊరివాళ్ళు మిమ్మల్ని అడుగుతున్నాను. మునిసిపాలిటీ హోటలుకు గేటు అప్పగించిన ఒప్పందం ఈ నెలలో ముగుస్తోంది. కొత్తది రాసేముందు వచ్చే సోమవారం మునిసిపల్ ఆఫీసులో ఊరివాళ్ళ మాట వింటారు. రండి. తెల్లవారుజామున గేటు అందరికీ తెరవాలని మీ నోటితో మీరే చెప్పండి. వచ్చి వెనక వరసలో నిలబడితే చాలదు. మొదట లేచి మాట్లాడేది మా వదినే. ఆమె తర్వాత ఇంకెవరూ లేవకపోతే, అది ఒక స్టూడియో గొడవ అని రాసుకుని ఫైలు మూసేస్తారు.