ట్రాలీ బాబాయ్ ఆగలేదు

మా యూనిట్‌లో అందరూ ఆయన్ని ట్రాలీ బాబాయ్ అంటారు. పట్టాల మీద కెమెరా బండిని తోయడం ఆయన పని. ఆ బండి మీద కూర్చుని కెమెరా నడిపేది నేను. పదకొండేళ్లుగా నా వీపు వెనకే ఉన్న మనిషి గురించి నాకు తెలియనిది లేదని గొప్పలు పోయేవాణ్ణి.

డాన్స్ ఫిల్మ్‌కి బండి తోయడమంటే సామాన్లు తోలడం కాదు. డాన్సర్ అడుగేస్తే బండీ అడుగేయాలి, ఆమె ఆగితే ఆగాలి. బాబాయ్ చెప్పులు విప్పి, ఆమె మడమల మీదే కళ్లు పెట్టి తోసేవాడు. బండి మీద నేను ఒళ్లో నిండు టీ గ్లాసు పెట్టుకున్నా చుక్క ఒలికేది కాదు. ఆయనతో ఒక్కటే చిక్కు, కొన్నేళ్లుగా ఫోన్ ఎత్తడు. పిన్నే ఎత్తుతుంది, డేట్లు ఆమే ఇస్తుంది. "పిన్ని పర్మిషన్ లేందే ఊపిరి కూడా పీల్చవా బాబాయ్?" అని ఏడిపించేవాళ్లం. నవ్వి ఊరుకునేవాడు.

ఆ రోజు ఒక పాత గోడౌన్‌లో ఐదు నిమిషాల ఫిల్మ్. ఒకే డాన్సర్, మొదటి నుంచి చివరిదాకా ఒకే షాట్. కిటికీల్లోంచి వచ్చే ఎండే లైటింగ్. డాన్స్ కూర్చిన మేడంకి షాట్ మధ్యలో అరిచే అలవాటుంది. అది ఆవిడకీ తెలుసు. అందుకే డాన్సర్‌కి ముందే చెప్పింది: "నేనేం అరిచినా పట్టించుకోకు. బండి ఆగితేనే ఆగు."

రెండో నిమిషంలో కరెంటు పోయింది. పాట ఠక్కున ఆగిపోయింది. కెమెరా మాత్రం బ్యాటరీ మీద నడుస్తోంది. మేడం "కట్" అంది. బండి ఆగలేదు. "కట్! కట్!" అని గొంతు చించుకుంది. బండి ఆగలేదని డాన్సర్ ఆగలేదు, డాన్సర్ ఆగలేదని బాబాయ్ ఆగలేదు. మధ్యలో నేను కెమెరాకి కన్ను అతికించుకుని కూర్చున్నాను. పాట లేకుండానే మిగతా మూడు నిమిషాలూ ఆడేసింది ఆ అమ్మాయి.

షాట్ అయ్యాక బాబాయ్ చెమట తుడుచుకుంటూ వంగి పట్టాలు సర్దుతున్నాడు. వెనక నుంచి మేడం పిలిచింది. తిరగలేదు. మళ్లీ పిలిచింది. ఊహూఁ. ఫోన్ పిన్నే ఎందుకు ఎత్తుతుందో నాకప్పుడు అర్థమైంది. ఇన్నేళ్ల మా వేళాకోళం గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను.

"వినపడని మనిషితో డాన్స్ సినిమానా? రేపటికి ఇంకొకర్ని చూస్తా," అన్నాడు మేనేజర్. బాబాయ్ అప్పుడే తలెత్తాడు. మేనేజర్ పెదాల కదలికలో మాట పోల్చుకుని పట్టా మీదే కూలబడిపోయాడు. ఆయనకి ఈ పని తప్ప ఇంకో పని రాదు.

మేడం నా దగ్గరికొచ్చి, కెమెరా తెర మీద షాట్ మొత్తం చూసింది. తర్వాత బాబాయ్ ఎదురుగా నిలబడి, ఆయన భుజం మీద రెండుసార్లు తట్టింది.

"ఇకనుంచి కట్ అంటే ఇదీ. రేపు పొద్దున్నే రండి."

మేనేజర్ గొంతు సవరించుకుని అవతలికి వెళ్లాడు.

నేను రెండు టీలు పట్టుకెళ్లి బాబాయ్ ఎదురుగా కూర్చున్నాను.

"ఎన్నాళ్లయింది?"

"మూడేళ్లు. చెబితే ఎవరు పిలుస్తార్రా?" టీ చల్లారేదాకా గ్లాసు అలాగే పట్టుకున్నాడు. "అది సరే గానీ, చివర్లో పాట ఎలా ఉంది? ఆ పిల్ల అంత బాగా ఆడిందంటే గొప్ప పాటే అయ్యుంటుంది."

"చివర్లో పాట లేదు బాబాయ్. కరెంటు పోయింది."

నమ్మలేనట్టు చూశాడు.

"మరి ఆ పిల్ల దేన్ని పట్టుకుని ఆడింది?"

"నీ బండిని."